కప్పు మీద ఇద్దరు, జాకెట్ ఒకటి

నోలీన్ ప్రాటెన్ చాలా ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. తుంటి విరిగాక ఆ పని మానేసి ఊరి వరద సహాయ దళంలో చేరింది. పడవ ఎక్కనివ్వలేదు గానీ, కళ్లను పూర్తిగా కప్పేసే వీఆర్ అద్దాలు తగిలించి డ్రోన్ నడపడం నేర్పారు. షెడ్డులో కుర్చీలో కూర్చునే ఆమె నీళ్ల మీద ఎగిరేది. అక్కడి మాటలు ఆమె చెవిలో పడేవి, ఆమె మాటలు అక్కడ వినపడేవి.

ఆ మార్చిలో నది ఊళ్లోకి వచ్చేసింది. దిగువ వీధిలో రేకుల కప్పు మీద కీత్ డూలన్, అతని భార్య వాల్మా కనిపించారు. ఇద్దరూ డెబ్బై దాటినవాళ్లు. నీళ్లు రేకుల అంచును తాకుతున్నాయి.

"కీత్, నేను నోలీన్‌ని. లైఫ్ జాకెట్ తెచ్చాను, అందుకో."

"టీ తేలేదూ?" అని అరిచాడు కీత్.

"పాలు విరిగిపోయాయి. ముందు ఇది తీసుకో."

డ్రోన్ ఒకసారికి ఒక్క జాకెట్టే మోయగలదు. వాల్మా వద్దంటూ చేతులు తోసేస్తున్నా, కీత్ దాన్ని ఆవిడకే తొడిగాడు. "గొడవ చేయకే, నాకు ఈత వచ్చు" అన్నాడు.

ఇంతలో బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. దళ నాయకుడు డార్సీ నోలీన్ భుజం పట్టుకున్నాడు. "వెనక్కి తిప్పు. అది నీళ్లలో పడితే ఇంకెవరికీ ఏమీ అందించలేం."

"ఒక్క నిమిషం."

"లేదు, ఇప్పుడే."

"కీత్, ఇంకో జాకెట్‌తో ఇట్టే వచ్చేస్తా. ఆ చిమ్నీ గొట్టాన్ని వదలకు!"

"ఎక్కడికి పోతాం లే."

బ్యాటరీ మార్చుకుని వెళ్లేసరికి కప్పు సగం కొట్టుకుపోయింది. వాల్మా ఒక్కతే చిమ్నీని కావలించుకుని ఉంది. నోలీన్ చేతులు చాచింది; వాటికి షెడ్డులోని బల్ల అంచు తగిలింది. పడవ వచ్చేదాకా కీత్‌ను పిలుస్తూ అక్కడే తిరిగింది. అద్దాలు తీశాక, పొడిగా ఉన్న తన బట్టలను చేత్తో తడిమి చూసుకుంది.

కీత్ శవం చెరుకు తోటలో దొరికింది.

అంత్యక్రియలయ్యాక, వాల్మా ఉంటున్న కూతురింటికి నోలీన్ వెళ్లింది.

"నేను డ్రోన్‌ని వెనక్కి తిప్పకుండా ఉండాల్సింది."

వాల్మా తల అడ్డంగా ఊపింది. "నా కాళ్ల కింద రేకు లేచిపోతుంటే తొక్కిపట్టాడు. దాంతోపాటే పోయాడు. నువ్వుంటే చూసేదానివి, అంతే."

"చూసినా బాగుండేది. ఒంటరిగా పోయాడు పాపం..."

"ఒంటరిగానా? నేనున్నానుగా, నోలీన్!"

నోలీన్ వెళ్లడానికి లేచింది.

"ఆ డ్రోన్‌ని మాత్రం ఈ ఇంటి మీదికి తేకు," అంది వాల్మా. "గడ్డి కోసే మిషన్ చప్పుడైనా ఆకాశం వైపు చూస్తున్నాను."

నోలీన్ దళం మానలేదు. శిక్షణ రోజుల్లో వాల్మా ఉంటున్న వీధిని తప్పించి డ్రోన్‌ని నది మీదుగా తిప్పుకొచ్చేది. అలాగైతే బ్యాటరీ ఎక్కువ తింటుందని డార్సీ ఒకసారి గొణిగాడు. ఆమె ఇంకో బ్యాటరీని చార్జింగ్‌కి పెట్టింది.