అంకె మీద బొటనవేలు

నా చిన్నప్పుడు మా ఇంటికి గోధుమరంగు కవరు వచ్చిందంటే అందరి గుండెల్లో రాయి పడేది. మాది ఉంగుటూరు దగ్గర కాలువ ఒడ్డు పల్లె. తాతయ్య శివాలయంలో అర్చకుడు. ఆయనకి వచ్చేవన్నీ ముహూర్తాలు అడుగుతూ రాసిన కార్డులే. గోధుమరంగు కవర్లు మాత్రం ఆఫీసుల నుంచి వచ్చేవి. ఆఫీసంటే తాతయ్యకి చచ్చేంత భయం. స్వామి ముందు గొంతెత్తి మంత్రం చదివే మనిషి, గుమాస్తా కనబడితే కండువా చేతిలోకి తీసుకుని నిలబడిపోయేవారు. ఆ భయం మా అందరికీ ఆస్తిలాగా సంక్రమించింది. నా వాటాకి కాస్త ఎక్కువే వచ్చింది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా అత్తయ్య, అంటే నాన్న చెల్లెలు, ఏలూరులో బి.ఎస్సీ. చదువుతోంది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల. మొదటి టర్ము ఫీజు కోసం తాతయ్య ఆవుదూడని అమ్మారు. ఆ రోజే, "రెండో టర్ముకి వంద రూపాయలు దాచాను. అంతకి మించి అడిగారో, చదువు మానిపించేస్తాను" అని అందరూ వినేలా అన్నారు. ఆయన కోపిష్టి కాదు, భయస్తుడు. అందుకే అన్నంత పనీ చేస్తారని అత్తయ్యకి తెలుసు.

కాలేజీ లేని ఒక రోజు కవరు వచ్చింది. తాతయ్య గుళ్ళో ఉన్నారు. నేను అరుగు మీద చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. అత్తయ్య కవరు చింపి, కాగితం అడుగున ఉన్న అంకె చూసింది. అంతే, మొహంలో నెత్తుటి చుక్క లేదు. రెండు వందల పదిహేను రూపాయలట. శుక్రవారం లోపల కట్టకపోతే పరీక్ష హాల్ టికెట్ ఇవ్వరట. ఆ కాగితాన్ని మడిచి తన ట్రంకు పెట్టెలో చీరల అడుగున దాచేసింది. నా చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుని, "ఎవరికైనా చెప్పావంటే నా మీద ఒట్టే" అంది.

ఒట్టు తప్పితే అత్తయ్య చచ్చిపోతుందని నా గట్టి నమ్మకం. చెప్పకపోతేనేమో చదువు పోతుంది. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. తాతయ్య దగ్గితే ఉలిక్కిపడేదాన్ని. సైకిలు బెల్లు వినబడితే పోస్టుమ్యాన్ ఇంకో కవరు తెచ్చాడేమోనని పెరట్లోకి పారిపోయేదాన్ని. అత్తయ్యేమో పుస్తకం తెరిచి గంటలకి గంటలు ఒకే పేజీ చూస్తూ కూర్చునేది. బుధవారానికి నాకు ఒళ్ళు కాలిపోయింది.

నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు గుప్పుమంది. మా అందరికీ దగ్గు తెర పట్టుకుంది. "దిష్టైతే ఇంత ఘాటు రాదే. నువ్వేదో దాస్తున్నావు" అంది కళ్ళు తుడుచుకుంటూ. నేను పెదవి విప్పలేదు. వేలు మాత్రం ట్రంకు పెట్టె వైపు చూపించాను. చెప్పనని ఒట్టు వేశాను గానీ చూపించనని వెయ్యలేదుగా!

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కాగితం తీయించి, అత్తయ్యని పెరట్లో రుబ్బురోలు దగ్గర కూర్చోబెట్టింది. నాయనమ్మకి అక్షరం ముక్క రాదు. చదవమంటే అత్తయ్య వెక్కుతూ, "ఏం చదవనమ్మా, రెండు వందల పదిహేను!" అంది. నాయనమ్మ కాగితం అడుగున ఆ అంకె ఎక్కడుందో అడిగి తెలుసుకుని, దాని మీద తన బొటనవేలు ఆనించింది. పేడా పసుపూ పట్టి బీటలు వారిన వేలు. అంకె మొత్తం దాని కింద మాయమైపోయింది. "ఇప్పుడు పైనుంచి చదువు. ఒక్కొక్కటే. అది దేనికో నాకు చెప్పి, అప్పుడు కిందికి దిగు" అంది.

అత్తయ్య చదవడం మొదలుపెట్టింది. ట్యూషన్ ఫీజు, అంటే పాఠం చెప్పినందుకు. లైబ్రరీ ఫీజు, పుస్తకాలకి. ల్యాబు ఫీజు, సీసాలు పగలగొట్టి మందులు పారబోస్తారుగా, అందుకు. ఆటల ఫీజు దగ్గర నాయనమ్మ ఆపి, "ఆడుతున్నావా?" అంది. లేదంది అత్తయ్య. "రేపట్నుంచి ఆడు. ఊరికే కడుతున్నామా?" అంది. అంత ఏడుపులోనూ అత్తయ్యకి నవ్వొచ్చింది. ఇవన్నీ కలిపితే తొంభై ఎనిమిదే. దాని కింద వరసలో పాత బకాయి నూట పన్నెండు. ఆ కింద ఆలస్య రుసుము అయిదు. అత్తయ్య అక్కడ ఆగిపోయింది. "అమ్మా, నూట పన్నెండు మొదటి టర్ముదే. నాన్న కట్టేశారు కదా!" అంది. నాలుగు రోజులుగా కాగితం పెట్టెలోనే ఉంది. ఆ వరస మాత్రం ఎవరమూ చదవలేదు.

కట్టిన ఆనవాలు కోసం వెతికితే దేవుడి మందిరంలో దొరికింది, కర్పూరం డబ్బా కింద. తాతయ్య బ్యాంకులో డబ్బు కట్టి, వాళ్ళు ముద్ర వేసి ఇచ్చిన చలానా ముక్కలు రెండూ ఇంటికి తెచ్చేశారు. మంచి కాగితం కదా అని నాలుగు మూలలా పసుపు పెట్టి స్వామి పాదాల దగ్గర ఉంచారు. ఒక ముక్క మనకి, రెండోది కాలేజీ ఆఫీసులో ఇవ్వాలి. ఆ సంగతి ఆయన బ్యాంకులో అడగలేదు, అత్తయ్య ఆయన్ని అడగలేదు. అలా కాలేజీ వాళ్ళ ముక్క ఆర్నెల్ల పాటు మా ఇంట్లో నిత్యపూజ అందుకుంది.

నాయనమ్మ రెండో టర్ము డబ్బు అడిగింది. తాతయ్య వంద రూపాయలూ రెండుసార్లు లెక్కపెట్టి ఇస్తూ, "అంతేనా?" అన్నారు. "అంతేనండీ" అంది నాయనమ్మ. గుమాస్తా కాదంటే ఆ 'అంతే' అబద్ధమైపోతుంది, అత్తయ్య ఇంట్లో కూర్చోవాలి. గురువారం పొద్దున్నే జ్వరం తగ్గీ తగ్గకుండానే నన్ను కూడా బస్సెక్కించారు. నాయనమ్మ కొంగు వదిలితే కదా నేను!

కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర పెద్ద వరస. లోపల కళ్ళజోడు గుమాస్తా గారు. నాయనమ్మ చలానా ముక్క అందించింది. ఆయన అటూ ఇటూ తిప్పి, "ఈ పసుపేంటండీ మామ్మగారూ? ముద్ర కనబడట్లేదు. ఇలాంటిది నేనెలా తీసుకోనండీ?" అన్నారు. బ్యాంకు ముద్ర సరిగ్గా ఓ మూల పడింది. ఆ మూలే తాతయ్య భక్తి కొద్దీ దట్టంగా అద్దారు. అత్తయ్య చెయ్యి మంచుగడ్డలా ఉంది. వెనక ఎవరో త్వరగా కానివ్వమంటున్నారు. ఇంక వెళ్ళిపోదాం నాయనమ్మా అని నేను కొంగు లాగుతున్నాను. ఆ క్షణంలో పరీక్షా చదువూ ఏమైపోయినా ఫరవాలేదు, ఆ కిటికీ ముందు నుంచి పారిపోతే చాలనిపించింది.

నాయనమ్మ కదల్లేదు. గొంతు కూడా పెంచలేదు. "బాబూ, మీరు పెద్దవారు, చదువుకున్నవారు. ఒక్కసారి వెలుతురుకి పెట్టి చూడండి. లేదంటే లేదని చెప్పండి, వింటాం" అంది. ఆయన విసుక్కుంటూనే లేచి కాగితాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకున్నారు. పసుపు వెనక నుంచి ఊదారంగు గీత గుండ్రంగా కనిపించింది. మధ్యలో నంబరు. బ్యాంకు నుంచి వచ్చిన జాబితా తీసి వేలితో వెతుక్కుంటూ పోయారు. నేను ఆ వేలినే చూస్తున్నాను. ఒకచోట ఆగింది.

"ఉందండీ. డబ్బు పడింది. కానీ మామ్మగారూ, బ్యాంకులో పడితే చాలదండీ. ఈ ముక్క మా చేతికొస్తేనే మా పుస్తకంలో ఎక్కేది" అన్నారాయన. పెద్ద పుస్తకం తీసి అత్తయ్య పేరుకి ఎదురుగా రాశారు. రాసింది పైకి చదివి వినిపించమంది నాయనమ్మ, వినిపించారు. అయితే ఆలస్య రుసుము దేనికండీ అంది. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి అది కూడా కొట్టేశారు. ఎదురుగా బ్యాంకులో తొంభై ఎనిమిది కట్టి, ఈసారి ముక్క తిన్నగా ఆ కిటికీలోనే ఇచ్చి, హాల్ టికెట్ పుచ్చుకుని బయటపడ్డాం. మెట్ల మీద అత్తయ్య వాళ్ళమ్మని పట్టుకుని భోరుమంది. మిగిలిన రెండు రూపాయలు నాయనమ్మ కొంగున ముడివేసుకుంది.

తిరుగు బస్సులో అడిగాను, చదువు రాదుగా, బొటనవేలు అలా పెట్టాలని నీకెలా తెలుసు నాయనమ్మా అని. కిటికీలోంచి చేల వైపు చూస్తూ చెప్పింది. కొల్లేటి పక్కన వాళ్ళ నాన్న నాయనమ్మ పేర పెట్టిన ఎకరం చేను ఉండేదట. ఆయన పోయాక అన్నదమ్ములు కాగితం తెచ్చి వేలిముద్ర వెయ్యమన్నారట. "అదేం కాగితమో అడగలేదే. అడిగితే ఏమనుకుంటారో అని భయపడ్డాను. వేసేశాను. చేను పోయింది" అంది. ఆ వేలిని చీర కుచ్చెళ్ళకి తుడుచుకుంటూ, "అప్పుడు వెయ్యకూడని చోట వేశాను. ఇవాళ వెయ్యాల్సిన చోట పెట్టాను" అంది.

మొన్న తాడేపల్లిగూడెంలో మా ఇంటికి మనవరాలు వచ్చింది. యూనివర్సిటీలో ఈ ఏడాదే చేరింది. రెండు రోజులు ఫోను బోర్లా పెట్టుకుని తిరిగింది, కంచంలో అన్నం కెలికింది. నాకు ఆ చూపు తెలుసు. కూర్చోబెట్టి అడిగితే ఏడ్చేసింది. ఫీజు డబ్బు బ్యాంకు నుంచి వెళ్ళిపోయిందట, యూనివర్సిటీ పేజీలో మాత్రం ఎర్రటి అక్షరాలతో మొత్తం బాకీ ఉన్నట్టే చూపిస్తోందట. సీటు పోతుందని భయం, డబ్బు ఏమైందంటే అమ్మానాన్నలకి ఏం చెప్పాలని భయం. ఆ పెద్ద అంకె చూడగానే నాకు, అరవై దాటాక కూడా అదే కిటికీ ముందు నిలబడినట్టు అయింది.

ఆ ఎర్ర అంకె మీద బొటనవేలు పెట్టాను. పేజీ ఎక్కడికో జారిపోయింది. "అమ్మమ్మా, అలా నొక్కకూడదు!" అని అది ఏడుపులోంచే నవ్వింది. ఓ విభూది పొట్లం కాగితం మడిచి ఆ అంకెకి అడ్డం పెట్టి, పైనుంచి చదవమన్నాను. ట్యూషను, హాస్టలు, చదువయ్యాక తిరిగి ఇచ్చే డిపాజిట్టు, పరీక్ష ఫీజు. ఒక్కొక్కటి దేనికో చెప్పించుకున్నాను. అన్నిటికంటే కింద, సన్నటి అక్షరాల్లో, చెల్లింపు అందింది, ఇంకా ఖాతాలో ఎక్కలేదు అని ఉంది. బ్యాంకు ఇచ్చిన నంబరు వేసి, ఎందుకు ఎక్కలేదో, ఎప్పటికి ఎక్కుతుందో అడుగుతూ నా ముందే వాళ్ళ ఆఫీసుకి రాయించాను. మూడో రోజుకి ఎక్కింది.

భయం పోయిందా అంటే పోలేదు. ఇప్పటికీ కరెంటు బిల్లు వచ్చినా సరే, ముందు నా చెయ్యే చల్లబడుతుంది. అప్పుడు ఆ అంకె మీద బొటనవేలు పెడతాను. అది నా వేలే అయినా, ఎకరం చేను పోగొట్టుకున్న మా నాయనమ్మ వేలిలాగే బీటలు వారి కనిపిస్తుంది. మొదటి వరస నుంచి చదవడం మొదలుపెడతాను.