రెండు కాపీలు

"...రెండు ఇడ్లీలు తిన్నది గదా, మల్ల పూరీలెందుకు పెడ్తున్నవ్?"

"నీ ఇడ్లీలు రాళ్ల లెక్కున్నయ్. నా బిడ్డ కడుపు సంగతి నాకు తెల్వదా?"

"తెల్సినోనివి టైంకు రావాలె. పది దాటినంక దుకాణం బంద్ జేసి వస్తివి."

సంగారెడ్డి కోర్టు వరండాలో బెంచీకి ఆ చివర నాగేశ్వర్, ఈ చివర శ్రీలత. మధ్యలో తొమ్మిదేళ్ల కూతురు వర్ష, ఒళ్లో రెండు డబ్బాలు. తల్లి తెచ్చిన ఇడ్లీలు రెండు తిన్న పిల్ల తండ్రి తెచ్చిన పూరీలూ రెండే తిని, రెండు డబ్బాలకీ మూత పెట్టింది. ఎదుటి గది గుమ్మంలో నిలబడి దుర్గాదేవి అది చూసింది.

దుర్గాదేవికి అరవై మూడేళ్లు. తండ్రి భీమవరం వైపు నుంచి, సంగారెడ్డి దారిలోని రామచంద్రాపురంలో ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి క్వార్టర్లలో స్థిరపడ్డాడు. ఆమె అక్కడే పుట్టి, అక్కడి బడిలోనే ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పింది. రిటైరయ్యాక వారానికి రెండు రోజులు బస్సెక్కి సంగారెడ్డి వస్తోంది. భార్యాభర్తలు విడిపోయే కేసుల్లో పిల్లల తరఫున మాట్లాడే వకీళ్లకు సాయం చేస్తుంది. పిల్లలేమంటున్నారో వాళ్ల మాటల్లోనే రాసివ్వడం ఆమె పని. అమ్మ కావాలా, నాన్న కావాలా అని ఏనాడూ అడగదు. లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పమంటుంది.

ఆ కాగితం కాపీ ఒకటి తల్లికీ, ఒకటి తండ్రికీ అందుతుంది. రెండేళ్ల క్రితం పూజ అనే పిల్లకు దుర్గాదేవి ఈ సంగతి చెప్పలేదు. చెబితే భయపడుతుందనుకుంది. నాన్న తాగొచ్చిన రోజు మంచం కింద పడుకుంటానని పూజ చెప్పింది. ఆమె రాసింది. బంధువుల ముందు తండ్రి ఆ కాగితాన్ని పూజ చేతే పైకి చదివించాడు. తర్వాతి వాయిదాకి వచ్చిన పూజ ఏమడిగినా "తెల్వదు" అంది. కేసు ముగిసేదాకా అదే మాట.

వర్ష లోపలికి వచ్చి కూర్చుంది. వర్ష తరఫు వకీలు రాకేష్ తలుపు దగ్గర కుర్చీ లాక్కున్నాడు. "జెర జల్దీ మేడం. మధ్యాహ్నం కాయితం అడుగుతరు."

ఒక వారం సంగారెడ్డి గంజి మార్కెట్‌లో తండ్రి పప్పుల దుకాణం వెనక ఇల్లు. ఒక వారం పటాన్‌చెరులో తల్లి కిరాయి గది. తల్లి మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోతుంది. ఇదంతా చెప్పి వర్ష వేళ్లు మడిచింది. "అమ్మ జడ మంచిగేస్తది. డాడీ బండి మీద మంచిగ తిప్తడు. అమ్మ తిడ్తది. డాడీ గూడ తిడ్తడు."

"తూకం వేసి చెబుతున్నావేంటమ్మా, మీ నాన్న కొట్లోలాగా?"

పిల్ల కొంచెం నవ్వింది. "ఎక్వ తక్వ జెప్తే ఇంటికి పోయినంక అడుగుతరు."

"ఎవరు?"

"ఇద్దరు."

దుర్గాదేవి కలం కింద పెట్టింది. "వర్షా, నువ్వు చెప్పింది నేను రాస్తే మీ అమ్మా నాన్నా ఇద్దరూ చదువుతారు. రాయకపోతే జడ్జిగారికి తెలీదు."

వర్ష బల్ల అంచు గోటితో గీకింది.

"ఐదో తరగతికి హాస్టల్ బడికి పోత," అంది. "కొండాపూర్ దిక్కున్నది. మా క్లాసు నిఖిత వాళ్లక్క అండ్లనే ఉంటది. నెలకొక్క ఆదివారం అమ్మ నాన్న సూడనీకి రావచ్చంట."

"వస్తే?"

"గా ఒక్కరోజే రానిస్తరు. మల్లొకరోజు రానియ్యరు. ఇద్దరు గదే రోజు రావాలె గదా."

రాకేష్ ఫోన్ లోంచి తలెత్తాడు. లేచి వచ్చి గొంతు తగ్గించాడు. "మేడం, గిది రాస్తే ఇద్దరు మన మీదికే వస్తరు. పిల్లకు ఇద్దరూ ఇష్టమేనని రాసి ఇడ్సిపెట్టుండ్రి."

పూజ తర్వాత నాలుగు కాగితాల్లో దుర్గాదేవి ఆ వాక్యమే రాసింది.

"జడ్జిసారు పంపిస్తడా?" అని వర్ష అడిగింది.

"తెలీదమ్మా. పంపకపోవచ్చు కూడా."

"ఐనా రాయుండ్రి. గానీ వాళ్లు ముందుగాల కాయితంల సదువుడు వద్దు. మీరే చెప్పుండ్రి. నేను గీడనే కూసుంట," అంది.

దుర్గాదేవి రాసింది. రాసింది పిల్లకు చదివి వినిపించింది. రాకేష్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె తలుపు తీసి ఇద్దరినీ పిలిచింది.

నాగేశ్వర్ గబగబా వచ్చి కూతురి పక్క కుర్చీ పట్టుకున్నాడు. అది చూసి శ్రీలత కూర్చోలేదు.

"ఏం జెప్పింది మేడం?" అంది శ్రీలత. "ఎవల దగ్గర ఉంటనన్నది?"

"మీ ఇద్దరి దగ్గరా ఉండనంటోంది," అంది దుర్గాదేవి. "హాస్టల్‌కి వెళ్తానంటోంది. అదే రాశాను."