సరోజక్క బల్లమీద తెల్లకాగితం

ఈ ఉదయం కొలతల గదిలో కొలతలు సరిచూసే గేజీల పెట్టె మూత తీయగానే వాసలీన్, పెట్రోలు కలిసిన వాసన ముక్కుకు తగిలింది. ఆ పెట్టెతో నాకు పనేమీ లేదు. విమానాలలో నూనె ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్ వ్యవస్థలను పరీక్షించే బృందానికి పెద్దనయ్యాక నా పనంతా కంప్యూటరు ముందే. నిన్న సాయంత్రం, మూడేళ్ళ కిందట ఒక విమాన భాగం గురించి నేను సంతకం చేసిన నివేదికలో తప్పు కనిపించింది. ఎండలో నిలిపిన విమానంలో నూనె ఎంత వేడెక్కుతుందో చూసేటప్పుడు ఒక అంకెను పాత పట్టికలోనుంచి తీసుకున్నాను. దాన్ని ఇంతవరకు ఎవరూ పట్టుకోలేదు. వచ్చే వారం ఆ భాగం బిగించిన విమానం మొదటిసారి గాలిలోకి లేవాలి. ఏం చేయాలో నాకు తెలుసు. చేయడానికి చేయి రాక, ఆ చల్లని గదిలోకి వెళ్ళి ఊరికే పెట్టె తెరిచాను. వాసన తగలగానే సరోజక్క నా వెనకే నిలబడి ఉన్నట్టనిపించింది.

కోయంబత్తూరు పక్కన తుడియలూరులో నేను ఫిట్టరుగా చేరిన వర్క్‌షాపు పంపులకు పేరుపడ్డది. మా నాన్న అక్కడే పంపులు బిగించేవాడు. మా ఇళ్ళలో తరతరాలుగా తెలుగే మాట్లాడతాం, బడి మాత్రం తమిళం. తెలుగు అక్షరాలు నాకు ఎవరూ నేర్పలేదు. గ్రంథాలయంలో ఒక మూల బీరువాలో దొరికిన చిన్నపిల్లల వాచకం ముందు పెట్టుకుని పంతొమ్మిదేళ్ళ వయసులో నేర్చుకున్నాను. ఇంగ్లీషు ఇంజనీరింగు పుస్తకాలూ అలాగే, పక్కన నిఘంటువు పెట్టుకుని, నోటుపుస్తకాలలోకి ఎత్తి రాసుకుంటూ చదివాను. ఆ సంగతి చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టమే. అప్పుడైతే అడగనివారికి కూడా చెప్పేదాన్ని.

విమాన భాగాల పని మా వర్క్‌షాపుకు మొదటిసారి వచ్చినప్పుడు మొదలాళి, అంటే మా యజమాని, నలుగురిని ఏరి కొత్త విభాగంలో వేశాడు. అందులో నేనొక్కదాన్నే ఆడపిల్లను. ఆరు నెలలు నిలబడితే ఆ చోటు నాకు ఖాయం. అక్కడ తనిఖీ అంతా సరోజక్కది. మిల్లులో ఊడ్చే తల్లికి పుట్టి, పగలు పనిచేస్తూ సాయంకాలం పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివిన మనిషి. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ కొలతల గది. పొట్టిగా ఉండేది. కళ్ళద్దాలు నల్లదారంతో మెడలో వేలాడేవి. మొదటిరోజే నేను మిషను దగ్గరనుంచి ఒక భాగాన్ని గుప్పిట్లో పట్టుకొచ్చి, ఆమె ఎదుటే మైక్రోమీటరు పెట్టి కొలిచాను.

“కింద పెట్టు అమ్మణీ. ఎంతసేపుగా పట్టుకోని ఉండావు?”

“ఇప్పుడేనక్కా.”

“అట్లయితే నువ్వు కొలిచింది నీ ఒంటి వేడిని. ఇనుమును కాదు.”

ఆ భాగాన్ని నల్లరాతి బల్ల మీద రెండు గంటలు చల్లారనిచ్చాకనే మళ్ళీ ముట్టుకోనిచ్చింది. ఆ రెండు గంటలూ నాకు వేరే పని చెప్పలేదు. పక్కన నిలబడి వేచి ఉండడమే ఆ రోజు పాఠం. మధ్యాహ్నాలు మాత్రం ఆమే నా శిష్యురాలు. ఇంట్లో నాలాగే తెలుగు మాట్లాడేది కానీ చదవడం తమిళమే వచ్చు. నేను గ్రంథాలయంనుంచి తెచ్చిన తెలుగు పుస్తకంలోంచి రోజూ ఒక పేజీ చదివి వినిపించేదాన్ని. పేజీని తనవైపు తిప్పుకుని చూసి నవ్వేది. “అయ్యో, మనం సుమ్మా, ఊరికే ఇంట్లో మాట్లాడే మాటకి ఇన్ని సుళ్ళా? జిలేబీ చుట్టినట్టు ఉండాది!”

నా తప్పు అయిదో నెలలో జరిగింది. మేము చేస్తున్నది చిటికెనవేలంత ఉక్కు కడ్డీ, పైపొరను కాల్చి గట్టిపరిచింది. అది ఒక గొట్టంలో ముందుకూ వెనక్కూ జారుతూ నూనెను దారి మళ్ళిస్తుంది, ఆ నూనె విమానం రెక్క అంచును కదిలిస్తుంది. ఇరవై నాలుగు కడ్డీలు తయారయ్యాయి. మరునాడు వాటిని చూసుకోవడానికి కొనేవాళ్ళ తనిఖీదారు వస్తున్నాడు. చివరిసారి సరిచూస్తుంటే ఆరు కడ్డీలు గొట్టంలో వెంట్రుకవాసి పట్టుకుంటున్నాయి. పంపుల పనిలో ఇలాంటిది వస్తే ఎవరినీ అడగరు. అరగదీసే సన్న పేస్టు రాసి, బిగువు పోయేదాకా చేత్తో రుద్దుతారు. అలా రుద్ది కుదిర్చేవాడే మా వర్క్‌షాపులో మొనగాడు. మా నాన్నకు ఆ పేరుండేది. నేనూ రుద్దాను. ఆరు కడ్డీలూ తమ బరువుకు తామే మెత్తగా జారేదాకా రుద్ది, తుడిచి, మిగతావాటితో ట్రేలో కలిపేశాను. చేత్తో రుద్ది జత కుదర్చవచ్చని పుస్తకంలో చదివి ఉన్నాను కూడా. ఆ సాయంత్రం నామీద నాకు చాలా గర్వంగా ఉండింది.

మరునాటి ఉదయం సరోజక్క ఒక కడ్డీని కిటికీ వెలుతురుకు పట్టి చాలాసేపు తిప్పింది. ట్రే కింద పెట్టి మా నలుగురినీ పిలిచింది.

“దీని మీద ఎవురి చెయ్యో పడి ఉండాది. ఎవురిది?”

మిగతా ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె మళ్ళీ అడగలేదు. సొరుగులోంచి ఒక తెల్లకాగితం తీసి బల్ల మీద పరిచి, దానిమీద పెన్ను పెట్టింది.

“నేను తినేదానికి పోతా ఉండాను. ఈ గదిలో ఎవురూ ఉండరు. రాసేది ఉండేవాళ్ళు రాసేసి వచ్చి తినండి. రాయకుండా తింటే గొంతులో దిగదు.”

ఆమె చెప్పింది నిజమే. చెట్టు కింద డబ్బా తెరిచి పెరుగన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. దిగలేదు. లేచి వెళ్ళి రాశాను. ఎవరు, ఎప్పుడు, ఏ పేస్టుతో, ఎన్ని కడ్డీలు, అన్నీ. ఏ ఆరు అన్నచోట ఆగిపోయాను. గుర్తు పెట్టలేదు.

తిరిగి వచ్చి ఆమె కాగితం చదివింది. “జారుతున్నాయక్కా, బాగా జారుతున్నాయి. రుద్దవచ్చని పుస్తకంలో ఉంది,” అన్నాను.

“ఉంటాది. నువ్వు రుద్దినావని ఆ పుస్తకంలో ఉండాదా?”

ఆమె ట్రేలోంచి ఒక కడ్డీ తీసి నా ముందు పెట్టింది.

“గట్టి చేసిన పైతోలు అమ్మణీ ఇది. ఎంత అరిగిందో నీకు తెలీదు, నాకూ తెలీదు. ఈరోజు జారుతాది. నాలుగేండ్లకి పట్టుకుంటే, ఎందుకని వెతికేవాడికి ఏ కాగితంలోనూ ఏమీ దొరకదు. చేసింది పెద్దది కాదు. చెప్పకుండా చేసినావే, అదే పెద్దది.”

ఆరు ఏవో తెలియవు కనుక ఇరవై నాలుగూ పోయినట్టే. నా కాగితం కింద తన సంతకం కూడా పెట్టి మొదలాళి దగ్గరికి తీసుకుపోయింది. నన్నూ వెంట రమ్మంది. ఆయన కాగితం చదివి తల పట్టుకున్నాడు.

“ఏమ్మా సరోజా, వచ్చేవాడికి ఖాళీ ట్రే చూపించేదా? సరి, విమానానికి వద్దు. ట్రాక్టరువాళ్ళకి ఇచ్చేస్తాము. నేల మీద పోయే బండికి ఏమవుతాది?”

“ట్రాక్టరుకని పోయింది, అప్పురం రేపు పెట్టె మారి ఎక్కడ తేలుతాదో ఎవురికి తెలుసండీ? కోసేస్తాము.”

“ఇరవై నాలుగునా?”

“ఇరవై నాలుగునూ. ఈ పిల్లే కోస్తాది.”

నేనే కోశాను. రాపిడి చక్రం కింద ఒక్కొక్క కడ్డీ రెండు ముక్కలవుతుంటే నిప్పురవ్వలు చేతి తొడుగుల మీద పడ్డాయి. పంపుల విభాగంవాళ్ళు పని ఆపి వచ్చి చూశారు. “ఏమ్మా, గ్రంథాలయంలో ఇదే నేర్పించినారా?” అని ఎవరో అంటే అందరూ నవ్వారు. సరోజక్క నవ్వలేదు, వాళ్ళను మందలించలేదు. పక్కనే నిలబడి ముక్కల మీద ఎర్ర రంగు పూసింది. గుర్తుకు ఒక్క ముక్క ఇమ్మని అడిగితే, “చెడిపోయింది ఇంటికి పోకూడదు,” అని అన్నీ పెట్టెలో వేసి తాళం పెట్టింది.

వచ్చిన తనిఖీదారు ఖాళీ ట్రే చూసి, కాగితం రెండుసార్లు చదివి, కొత్తవి చేయడానికి నెల గడువిచ్చి వెళ్ళాడు. నన్ను మాత్రం మొదలాళి పంపుల విభాగానికి తిరిగి పంపేశాడు. నా తరఫున ఒక మాట చెప్పమని అక్కను బతిమాలాను. “చెప్పను. ఆయన చేసింది సరే. నువ్వు రావల్ల అనుకుంటే నువ్వే వస్తావు,” అంది. ఆ రోజు ఆమె మీద చెప్పలేనంత కోపం వచ్చింది. వారం రోజులు పుస్తకం చదివి వినిపించలేదు.

తరవాతి ఆదివారం, చర్చి అయ్యాక ఆమే మా ఇంటికి వచ్చి నన్ను బస్సెక్కించి సూలూరు తీసుకుపోయింది. వైమానిక స్థావరం గోడకు దూరంగా, రోడ్డుపక్క చింతచెట్టు కింద చెరొక ఎలనీరు బోండాం తాగుతూ నిలబడ్డాం. కొంతసేపటికి ఒక విమానం మా నెత్తిమీదుగా దిగింది. చప్పుడుకు నా చేతిలో బోండాం అదిరింది.

“చూసినావా? లోపల ఒకడు కూర్చోని ఉండాడు,” అంది. “వాడికి మన పేరు తెలీదు. మనం రాసిన కాగితాన్ని నమ్మి కూర్చోని ఉండాడు.”

అంతకుమించి ఏమీ చెప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

ఎనిమిది నెలలు పంపులు బిగించాను. ప్రతి బిగింపునూ నోటుపుస్తకంలో రాశాను, అక్కడ అలా రాయమని ఎవరూ అడగకపోయినా. గ్రంథాలయంలో ఉక్కు పైపొరల మీద ఉన్న పుస్తకాలన్నీ చదివాను, ఈసారి ఎవరికీ చెప్పుకోవడానికి కాదు. తొమ్మిదో నెలలో సరోజక్క పంపుల విభాగం గుమ్మంలో నిలబడి, “అమ్మణీ, ఆ నోటుపుస్తకం తీసుకోని రా,” అని పిలిచింది. అక్కడినుంచే సాయంకాలపు చదువు, డిగ్రీ, ఆ తరవాత ఈ ఉద్యోగం. ఆమె పోయి నాలుగేళ్ళయింది. నేను ఈ రాస్తున్న అక్షరాలు ఆమెకు ఎప్పటికీ జిలేబీ చుట్టలే.

ఈ ఉదయం గేజీల పెట్టె మూసి నా బల్ల దగ్గరికి వచ్చాను. తెల్లకాగితం తీసి రాశాను. ఏ నివేదిక, ఏ అంకె, ఎవరు వేశారు, దానివల్ల ఏ పరీక్షలు మళ్ళీ చేయాలి. పైకి పంపిన పది నిమిషాలకు మా డైరెక్టరుగారు ఫోను చేశారు.

“వచ్చే వారం ఎగరడం ఆపాలంటున్నారు. ఇన్నేళ్ళుగా ఎవరూ గమనించలేదు కదమ్మా?”

“నేను గమనించాను సార్.”

ఎగరడం వాయిదా పడింది. ఆ నివేదిక మీద విచారణ ఉంటుంది, అందులో మొదటి పేరు నాది. ఫోను పెట్టేసి, టిఫిన్ డబ్బా తెరిచాను. పెరుగన్నం. మొదటి ముద్ద దిగింది.