పండని పురుగులు

పెద్దపంజాణి పక్కపల్లెలో పట్టుపురుగు పండిందో లేదో తేల్చవలసింది గంగులమ్మే. మేత మాని, తల పైకెత్తి, ఒళ్ళు తేనెరంగుకు తిరిగి మెరిసే పురుగును వెలుతురుకు ఎత్తి చూసి, గూడు కట్టుకోవడానికి చంద్రిక అనే వెదురు తడిక మీద వదిలేది. పచ్చిపురుగును వదిలితే అది ఆకలితో చస్తుంది, పంట పోతుంది.

ఆమె ఎడమకన్ను చిన్ననాడే పోయింది. కుడికంటికి శుక్లం ముదిరితే 1987లో మదనపల్లెలో ఆపరేషను చేసి, లోపల అద్దం అమర్చారు. లోకం కడిగినట్లు కనిపించింది. కొన్నాళ్ళు తలకు నీళ్ళు పోసుకోవద్దని డాక్టరు చెప్పినా, పుంగనూరు గంగజాతర నాడు ఎవరికీ తెలియకుండా పోసుకుంది. అప్పుడేమీ కాలేదు.

రెండేళ్ళకు ఆ కంటిలో పొగ మొదలైంది. ఎంత తుడిచినా పోదు. ఎండలోకి వస్తే వెలుగు చెదిరి గుచ్చేది. నాటి నీళ్ళే కంటిని తినేస్తున్నాయని ఆమె అనుకుంది. చెబితే తప్పు బయటపడుతుంది. చెప్పకపోతే ఉన్న ఒక్క కన్నూ ఆరిపోతుంది. గోడ తడుముతూ నడిచి, మోకాళ్ళ నొప్పులనేది.

పురుగులు ఏరే రోజు వచ్చింది. ఒకదాన్ని వెలుతురుకు ఎత్తింది. చెదిరిన కాంతి చుట్టూ కమ్ముకొని దాని ఒళ్ళంతా మెరిసింది. ఇంకొకటి ఎత్తితే అదీ మెరిసింది. చంద్రికలన్నీ నింపేసింది.

మధ్యాహ్నం కోడలు అమరావతి, కుప్పం పిల్ల, వచ్చి చంద్రికలు చూసి అక్కడే నిలిచిపోయింది.

"అత్తా, ఈ పచ్చివాటిని యాల ఎత్తినావు? ఆకలికి అల్లాడతాండాయి సూడు!"

"నాకే నేర్పుతావా? నువ్వు పుట్టకముందు నుంచీ ఏరతాండాను."

అమరావతి ఏదో తీసి వెలుతురుకు పట్టింది. "ఇది పండిందా?"

"పండింది. కనపడ్లేదా నీకు?"

"ఇది పురుగు కాదత్తా. ఎండిన ఆకుకాడ."

గంగులమ్మ కంట్లో పొగ సంగతీ, జాతరనాటి సంగతీ చెప్పేసింది.

"అప్పటి నీళ్ళు ఇప్పుడు కన్ను తింటాయా? లే, వీటిని తట్టల్లోకి దించి మదనపల్లెకు పోదాం."

డాక్టరు పరీక్షించి అన్నాడు: "ఇది నీళ్ళ వల్ల కాదమ్మా. శుక్లమూ మళ్ళీ రాలేదు. మేము పెట్టిన అద్దాన్ని పట్టి ఉంచే పలుచని సంచి వెనుకవైపు మసకబారింది. చాలామందికి ఇట్లే అవుతుంది. బెంగుళూరులో లేజరు కాంతితో దానికి చిన్న కిటికీ తెరుస్తారు."

బెంగుళూరు బస్సు పలమనేరు దాటాక గంగులమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది.

"కంట్లోకి నిప్పు కొడతారేమో అమ్మీ?"

"నేనుండాను కదత్తా."

ఆసుపత్రిలో యంత్రానికి గడ్డం ఆనించింది. టక్కుటక్కుమన్న చప్పుడే గాని నొప్పి లేదు. బయటికి వచ్చాక కంటిముందు నల్లని నలుసులు తేలాయి. చీకటి పడుతోందని ఏడ్చింది. కొన్నాళ్ళకు అవి తగ్గిపోతాయని అక్కడివారు చెప్పినా నమ్మలేదు. మర్నాడు పొద్దున ఆ నలుసుల నడుమ కోడలి ముక్కుపుడక రాయి తళుక్కుమన్నాకే ఊపిరి పీల్చుకుంది.

తరువాతి పంటలో పురుగును వెలుతురుకు ఎత్తి చూసింది. కడుపులో ఆకు సన్నని పచ్చగీతగా కనిపించింది. మెల్లగా తట్టలోకి దించింది.

"దీనికింకా ఆకలుండాది అమరా. ఆకెయ్యి."