ఎముక విరగలేదన్న మాట

నా మోకాళ్లు రెండూ గట్టివే. బరువంతా నాలుక మీద ఉంది. ఇన్నేళ్లుగా ఎవరికీ దించి చూపలేదు, మీకు చూపిస్తున్నాను.

మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనిచేసే కుర్రాళ్ల కబడ్డీ జట్టుకు అప్పట్లో నేను కెప్టెన్‌ని. ఆటలో నా ప్రతిభ అరవడం ఒక్కటే. గెలిపించేవి మా జట్టులో కూతకు వెళ్లే ఏసోబు కాళ్లు. ఒంటిమిట్ట తిరునాళ్ల పోటీలకు వారం ముందు, సాధనలో, అతని పాదం నేలలో నిలిచిపోయి ఒళ్లు పక్కకు తిరిగింది. మోకాలు టప్పుమంది.

మా వైపు దెబ్బ తగిలితే అడిగేది ఒకటే: ఎముక విరిగిందా? విరిగితే కట్టు, లేకుంటే నూనె. మధ్యలో మరో జబ్బుకు చోటు లేదు. కడపలో డాక్టరు ఎక్స్‌రే చూసి, మోకాలు పట్టి లాగి, తోడొచ్చిన నన్ను పక్కకు పిలిచాడు. ఎముక బాగుంది, లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్ తెగినట్టుంది, స్కాన్ తీయించాలి, ఈలోగా ఆడితే మోకాలు నిలవదు అన్నాడు.

బయట బల్ల మీద ఏసోబు.

"ఏమంటాండాడన్నా డాక్టరు?"

"ఎముక ఇరగలేదంట లేరా."

"మరి కాలు మోపితే జారతాండాది గదా?"

"బయంతో జారతాండాది. నూనె రుద్దుకో. కాలుకంటే నీ మూలుగుడే శానా ఎక్కువుండాది."

నవ్వాడు. నా మాటలకు నవ్వడం అతని అలవాటు.

మొదటి మాట నిజం. రెండోది అబద్ధం. మొదటిదాని చాటున రెండోది దాక్కుంటుందని నాకు బాగా తెలుసు. డాక్టరు మాట అర్థం కాలేదా? పూర్తిగా అయింది. మరిచానా? లేదు. అతను లేకుంటే తొలి ఆటకే ఇంటికొస్తాం, మైకులో నా పేరు వినపడదు. అంత చిన్న ఆశకు అంత పెద్ద మోకాలు!

పోటీలో కూతకు వెళ్లి ఒక్కసారి మళ్లాడు. ఎవరూ తాకకుండానే పడిపోయాడు. లోపల మిగిలిందీ నలిగింది. తర్వాత ఆపరేషన్ చేసినా పాత పట్టు రాలేదు. ఇప్పుడు గనిలోకి దిగలేడు, గేటు దగ్గర కూర్చుంటాడు. ఆ రోజు కడపకు తీసుకుపోయింది మా అన్నే అని నా గురించి వచ్చేవాళ్లకు గొప్పగా చెబుతాడు. కబడ్డీలో కూత ఆగితే ఔటు. నేనేమో నోరు మూసుకునే ఇన్నేళ్లు ఆటలో ఉన్నాను.

క్షమించడం మీ చేతిలో లేదు, అందుకే మిమ్మల్ని అడగను. అతను క్షమిస్తాడని అనుకోవడం లేదు. ఆదివారం చర్చి వదిలాక చెప్పబోయే మాట ఇదీ: "లోపల తెగిందని డాక్టరు నాకు చెప్పినాడు ఏసోబూ. నేనే నీకు చెప్పలేదు."

రాసి, పైకి చదివి చూసుకున్నాను. కాగితం మడిచి, ఆదివారం తొడిగే చొక్కా జేబులో పెట్టాను.