కంప్యూటర్‌కి గొంతు ఇచ్చిన కోడలు

ఆ ఇంటి పెద్దకోడలిది డబ్బింగ్ వృత్తి. చవకగా తీసిన ఒక భయానక సినిమాలో మనుషుల్ని చంపే కంప్యూటర్‌కి ఆమే గొంతు ఇచ్చింది. కంప్యూటరంటే రంగేసిన చెక్కపెట్టె, నాలుగు ఎర్ర బల్బులు. భయమంతా గొంతులోనే పుట్టాలి. "అరవకమ్మా. ఇంట్లో అత్తగారికి చెప్పినట్టు మెత్తగా చెప్పు," అన్నాడు దర్శకుడు. ఆమె అలాగే చెప్పింది: "మందు వేసుకోండి. మీ మంచికే." తెర మీద ఆ మందు మింగిన రోగి కన్నుమూశాడు.

ఆ సినిమా టీవీలో వచ్చిన మధ్యాహ్నం, మతిమరుపు ముదిరిన అత్తగారు కన్నార్పకుండా చూసింది. కాసేపటికి కోడలు మాత్రలు, నీళ్లగ్లాసు తెచ్చి, "మందు వేసుకోండి అత్తయ్యా," అంది.

ముసలామె గోడకు ఒదిగిపోయింది. "ఆ పెట్టెలోంచి ఎప్పుడొచ్చావు?"

"నేను అత్తయ్యా, మీ కోడల్ని."

"అదీ ఇంత ప్రేమగానే మాట్లాడింది."

బతిమాలినకొద్దీ ఆమె ఇంకా బిగుసుకుపోయింది. చివరికి కొడుకు వచ్చి మింగించాడు. పదకొండేళ్లుగా సేవ చేస్తున్న కోడలు గుడ్ల నీరు కుక్కుకుంది.

ఆనాటి నుంచి ఆ గదిలో కోడలు నోరు విప్పదు. మాట్లాడకుండా చెయ్యి చాపితే అత్తగారు మాత్ర తీసుకుంటుంది. కానీ మింగేదాకా కోడలి పెదవుల మీంచి చూపు తిప్పదు.