తప్పంతా కణాలదే

“ఇది నన్నెప్పటికీ వదలకపోతే పెద్దమ్మా? పెద్దదై ఉద్యోగానికి కూడా నా ప్యాంటు పట్టుకునే వెళితే?”

అడిగినవాడు ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసిన కుర్ర తండ్రి. ప్యాంటు పట్టుకుని వేలాడుతున్నది అతని మూడేళ్ళ కూతురు. ప్లేస్కూల్లో చేర్పించిన దగ్గర్నుంచీ గేటు ముందు రోజూ ఇదే రాగం.

“దాన్నేమీ అనకు. తప్పు దానిది కాదు, కణాలది,” అంది పెద్దమ్మ.

ఆవిడతో వచ్చిన చిక్కే అది. లోకంలో ఏం జరిగినా మనుషుల్ని పల్లెత్తు మాట అనదు. కణాల్ని మాత్రం ఉతికి ఆరేస్తుంది. బడిలో సైన్సు పాఠాలు చెప్పి ఆవిడ రిటైరయింది గానీ, ఆ కణాలకి మాత్రం రిటైర్‌మెంటు ఇవ్వలేదు.

అతని చిన్నప్పుడు, సెలవులకి పెద్దమ్మ ఇంటికి వచ్చినప్పుడు, గాజుసీసా నిండా నీళ్ళు పోసి, బిరడా బిగించి, ఫ్రీజర్లో పెట్టాడు. పొద్దున్నకి సీసా ముక్కలు. నాన్న చెయ్యెత్తేసరికి పెద్దమ్మ అడ్డం వచ్చింది.

“వాణ్ణి కొడతావేమిటయ్యా మరిదీ? లోకంలో దాదాపు అన్నీ గడ్డకడుతూ బుద్ధిగా దగ్గరికి ముడుచుకుంటాయి. ఈ నీటి కణాలకే రోగం, చల్లబడేసరికి కాళ్ళు బారజాపుకుని పడుకుంటాయి. సీసా పగలక చస్తుందా?”

“అయితే కణాల్ని కొట్టమంటావా వదినా?”

“కొట్టు. దొరికితే.”

నాన్నకి నవ్వొచ్చింది. ఎత్తిన చేత్తోనే తల గోక్కున్నాడు.

మరోసారి బీరువాలో కలరా ఉండలు మాయమయ్యాయి. పెద్దనాన్న వంటింట్లోకొచ్చి, గిన్నెలు తోముతున్న అమ్మాయి వినేలా, “ఈ ఇంట్లో వస్తువులకి కాళ్ళొస్తున్నాయి!” అని కేకలేశాడు.

“కాళ్ళు కాదండీ, రెక్కలు. అవి కరిగి నీరవడం లాంటి మర్యాదలు పాటించవు. గడ్డగా ఉన్నవి ఉన్నట్టే గాల్లోకి లేచిపోతాయి. దొంగలు ఎక్కడున్నారో చూపించనా?” అంటూ ఆయన చొక్కా కాలరు పట్టుకుని ఆయన ముక్కుకే ఆనించింది. గుప్పుమంది. “ఇదుగో, మీరే తొడుక్కు తిరుగుతున్నారు.”

“నువ్వూ నీ కణాలూ!”

“మీ కణాలు వేడెక్కాయి. ఈ ఇరుకు వంటింట్లో గోడల్ని గుద్దుకుంటాయి. వరండాలోకి వెళ్ళండి, చోటెక్కువైతే ఒత్తిడి తగ్గుతుంది.”

పాపం, పెద్దనాన్న కాపురం సగం వరండాలోనే గడిచింది. గిన్నెలు తోమే అమ్మాయి మాత్రం ఆ రోజు తల దించుకోకుండా ఇంటికెళ్ళింది.

అతనికి పెళ్ళయిన కొత్తలో భార్య ఫోనులో మాట్లాడుతుండగా పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆ పిల్ల బిక్కచచ్చిపోయింది. పెద్దమ్మ పరుగున వచ్చి స్టవ్వు కట్టేసి, పాలని నిలదీసింది. “అడుగున ఆవిరై పారిపోవాలని మీకు తొందర. పైన మీగడ మూతేసింది. కాస్త ఆగితే మీ సొమ్మేం పోయింది? మూతతో సహా లేచిపోవాలా?” ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ పక్కున నవ్వింది.

అలాంటి పెద్దమ్మ ముందు ఇప్పుడు తన గోడు వెళ్ళబోసుకుంటున్నాడు. భార్యకి తెల్లవారుజాము షిఫ్టు. దింపాల్సింది తనే. దింపి, గోడ చాటున నిలబడి ఏడుపు వింటాడు. ఎక్కువైతే లోపలికి పరిగెత్తి ఎత్తుకొచ్చేస్తాడు. ఆఫీసులో పై అధికారి మొహం మాడ్చుకోవడం మొదలుపెట్టాడు.

“ఇంక మాన్పించేస్తాను. నేనే ఉద్యోగం వదిలేసి ఇంట్లో కూర్చుంటాను. నిన్న ఎంత ఏడ్చిందో ఇవాళా అంతే. రవ్వంత తేడా లేదు.”

పెద్దమ్మ గిన్నెలో మంచుముక్కలు వేసి సన్నటి సెగ మీద పెట్టింది. అతని చేతికో గరిటె, థర్మామీటరు ఇచ్చింది.

“తిప్పుతూ చెప్పు. ఎంతుంది?”

“సున్నా.”

పాప బల్లెక్కి గిన్నెలోకి తొంగి చూసింది. కాసేపయింది.

“ఇప్పుడు?”

“సున్నాయే. అబ్బా పెద్దమ్మా, గుప్తోష్ణం! మంచు మొత్తం కరిగేదాకా పాదరసం కదలదు. నాకు తెలీదా?”

“మరి సెగంతా ఎటు పోతోందిరా ఎమ్మెస్సీ?”

“కణాల పట్టు సడలించడానికి...” అంటూ ఆగిపోయాడు. తన ప్యాంటు మీది గుప్పెడంత చేతిని చూశాడు.

“గట్టిగా పట్టుకోవడం గడ్డ లక్షణం. దాని తప్పు కాదు. పట్టు సడలుతున్నప్పుడు పైకి ఏమీ కనపడదు. నువ్వేమో రోజూ థర్మామీటరు పెట్టి చూస్తావు, సున్నా అంటావు, సగం కరిగినదాన్ని తీసుకొచ్చి మళ్ళీ ఫ్రీజర్లో పెడతావు.”

“అంటే తప్పు నాదంటావా?”

“ఛ, నీ కణాలది.”

మర్నాటినుంచి పెద్దమ్మ తోడొచ్చింది. పాప కెవ్వుమన్నప్పుడల్లా అతను గేటువైపు తిరిగేవాడు. ఆవిడ అతని చొక్కా పట్టి వెనక్కి లాగేది. ఓ వారం అలాగే, రవ్వంత తేడా లేకుండా గడిచింది.

ఆ తర్వాతొక ఉదయం, గేటు లోపల ఇసుకలో ఎవరో పిల్ల బకెట్టు బోర్లిస్తోంది. పాప చూసింది. చెయ్యి వదిలి నాలుగడుగులు వేసింది. వెనక్కొచ్చి నాన్న మోకాలు తట్టింది. మళ్ళీ వెళ్ళింది, ఇసుకలో కూర్చుంది.

“చూశావా? ద్రవం! పట్టు పోలేదురా, కదలడం నేర్చుకుంది,” అంది పెద్దమ్మ. కళ్ళజోడు మసకబారింది.

“ఏడుస్తున్నావా పెద్దమ్మా?”

“నేనా? గాల్లో తేమ, చల్లటి అద్దానికి తగిలి...”

“ఎండ మండిపోతోంది.”

“అయితే ఆ తేమనే అడుగు, సిగ్గులేకుండా ఎందుకొచ్చిందో!”

కొన్నేళ్ళు గడిచాయి. పెద్దమ్మ ఇప్పుడు తన కూతురి దగ్గర, దూరాన ఉంటోంది. ఆ వంటింట్లో వేరెవరో పాలు కాస్తున్నారు. పొంగితే ఎవరిని తిడుతున్నారో తెలీదు. పాప సైకిలు నేర్చుకుంటోంది. నెల రోజులుగా పడుతూనే ఉంది. ఇవాళ ఎన్నిసార్లు పడిందో అతను లెక్కపెట్టడం లేదు. సీటు వెనక చెయ్యి ఆనీ ఆనకుండా పెట్టి, పిచ్చాపాటీ మాట్లాడుతూ పక్కనే పరిగెత్తుతున్నాడు. ఆ రోజు గేటు దగ్గర్నుంచి తిరిగొస్తూ పెద్దమ్మ చెప్పింది మరి:

“పిల్లలు జీవితంలో చాలాసార్లు కరగాలిరా. అప్పుడల్లా సెగ పెంచకు, దించకు. కబుర్లు చెబుతూ పక్కనే ఉండు.”